గోడ కాని గోడ

నా పనేమిటని ఎవరైనా అడిగితే, చేపల తొట్టిలో రాళ్ళు పేరుస్తానని చెబుతాను. విన్నవాళ్ళు ‘అదీ ఒక పనేనా’ అన్నట్టు చూస్తారు. ఈ మధ్య నాకూ అలాగే అనిపిస్తోంది. యాభై దాటిన మనిషిని. పొద్దున్నే రేపల్లెలో పాసింజరు ఎక్కి తెనాలిలో దిగుతాను. ఎవరి హాల్లోనో మోకాళ్ళ మీద పాకుతూ రాయి మీద రాయి పెడతాను. బాగా లేదని సాయంత్రానికి అవే రాళ్ళు కిందికి దించి, అదే రైల్లో ఇంటికొస్తాను. మా ఆయన బర్నబాస్ మాస్టారు తలుపు తీస్తూ, "ఏంటి సారా, ఇవాళ కొండ నిలబడిందా, కూలిందా?" అంటారు. ఆయనకు వేళాకోళం, నాకు నడుంనొప్పి.

ఒకప్పుడు బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పిల్లలు చేరక ఆ గ్రూపే ఎత్తేశారు. అప్పటికి ఇంట్లో సరదాకి ఓ చిన్న ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నాను. దాన్ని చూసి ఒక డాక్టరుగారు తన ఇంట్లో పెట్టించుకున్నారు, ఆయన్ని చూసి ఇంకొకరు. అలా ఇందులో పడ్డాను. రాళ్ళు పేర్చడం మాత్రం కాలేజీ చదువు కాదు. మా లూథరన్ చర్చిలో క్రిస్మస్‌కి పశువుల పాక కట్టే పని, పెళ్ళయి రేపల్లె వచ్చిన దగ్గర్నుంచీ నా నెత్తినే ఉంది. అట్టముక్కలకి బూడిదరంగు కాగితం అతికించి కొండ లేపుతాను. కొండకి సరిగ్గా నడుమ గుహ. గుహలో గడ్డి, గడ్డి మీద బాలయేసు. ప్రతి ఏడూ అదే కొండ, అదే గుహ. కళ్ళు మూసుకున్నా చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. తెనాలిలో నన్ను ముంచింది ఆ చెయ్యే.

కొండలరావు, పూర్ణచంద్ర అన్నదమ్ములు. చీరాల నుంచి నేతచీరలు తెప్పించి తెనాలిలో అమ్ముకునే కుటుంబం. వాళ్ళ భార్యలు ఆదిలక్ష్మి, సాయి సుధ ఒక తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళు. తోబుట్టువులు తోడికోడళ్ళయితే ఇల్లు చీలదని అత్తగారు వరమ్మ ఏరికోరి ఇద్దర్నీ తెచ్చుకుందట. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చీలలేదు కూడా. పోయాక దుకాణం రెండయింది, వంటిల్లు రెండయింది, వీధి గేటు రెండయింది. హాలొక్కటే మిగిలింది. ఎందుకంటే వరమ్మ మంచాన పడి ఉండగా కొడుకులిద్దరి చేతులూ తన తల మీద పెట్టించుకుని, ‘ఈ హాల్లో గోడ లేపం’ అని ఒట్టు వేయించుకుంది. తల్లి మీద వేసిన ఒట్టు తప్పాలంటే ఇద్దరికీ భయం. రోజూ ఒకరి మొహం ఒకరు చూడాలంటే అంతకంటే కష్టం.

ఉపాయం తమ్ముడు పూర్ణచంద్రది. హాలుకి అడ్డంగా ఒక పెద్ద చేపల తొట్టి. మిగిలిన జాగాలో ఇటొక బీరువా, అటొక బీరువా. అద్దం గోడ కాదు, నీళ్ళు గోడ కాదు, రాళ్ళేమో అలంకారం. ఒట్టుకి ఒట్టు దక్కుతుంది, అడ్డుకి అడ్డు. ఈ తెలివి విన్నప్పుడు నవ్వొచ్చింది గానీ, అప్పటికే రెండు తొట్ల పని మీద ఉండి నవ్వే ఓపిక లేక తల ఊపాను.

"సారమ్మగారూ, రాళ్ళు నీళ్ళ పై అంచుదాకా రావాలండి. ఇటు మనిషి అటు కనబడకూడదు," అన్నాడు కొండలరావు. తమ్ముడు అదే మాట నన్ను తన వైపుకి పిలిచి విడిగా చెప్పాడు. తల్లి పోయాక ఇద్దరికీ కలిసిన మాట అదొక్కటే అయి ఉంటుంది.

"అట్టా అడ్డకట్ట కట్టేస్తే నీళ్ళు ఆడవు అన్నయ్యగారూ," అన్నాను కొండలరావుతో. "చేపల చెత్తంతా రాళ్ళ మధ్య పేరుకుని కుళ్ళుద్ది. నీళ్ళు కంపు కొడతాయి. రాళ్ళకి అంటించి పెంచే పగడాలు బతకవు. సందులు ఉండాల్సిందే."

"నీళ్ళు పోయే సందులు ఉంచండి. చూపు పోయే సందులు వద్దండి."

అంతకన్నా సూటిగా ఎవరూ నాకు పని చెప్పలేదు.

తొట్టి కొలత ఎంతో అంత నేల మీద సుద్దముక్కతో గీసుకుని, ముందు అక్కడ పేర్చి చూసుకోవడం నా పద్ధతి. ఈ రాళ్ళు సముద్రంలోంచి తెచ్చినవి కాదు. పగడపు రాయి సముద్రంలోంచి తీస్తే జైలే. ఇవి చిల్లులు చిల్లులుగా పోతపోసిన రాళ్ళు, చూడ్డానికి కొండంత, ఎత్తితే బూరుగుదూది. పూర్ణచంద్రకి ఇవి నచ్చలేదు. రామాపురం బీచికి పోయి నాలుగు ఏరుకొస్తే పోలా అన్నాడు. రామాపురంలో ఇసకా గవ్వలూ తప్ప ఏమున్నాయండీ అంటే ఊరుకున్నాడు.

సుద్దగీతల మధ్య ఆ రాళ్ళు ఎన్నిసార్లు కట్టి పడగొట్టానో నాకే తెలీదు. అడ్డు బాగుంటే నీళ్ళకి దారి లేదు, దారి ఉంటే అవతల సోఫా కనబడుతోంది. చివరికి తెనాలి బస్టాండులోనే దారి దొరికింది. ఆడవాళ్ళ మరుగుదొడ్డి గుమ్మం ముందు ఒక అడ్డుగోడ ఉంటుంది. మనిషి పక్కనుంచి తిరిగి లోపలికి పోతుంది, చూపు పోదు. అలాగే రెండు రాతి వరసలు, ఒకదాని వెనక ఒకటి. ఈ వరసలో గుహ ఎడమకి, ఆ వరసలో గుహ కుడికి. నీళ్ళు వంకర తిరిగి పోతాయి, చూపు తిన్నగా పోయి రాయికి తగులుతుంది. పగడాల సంసారానికి మరుగుదొడ్డి గోడ ఆదర్శం! సిగ్గుపడాల్సిందే, కానీ అప్పటికి సిగ్గు కూడా అలిసిపోయింది.

ఆ ఇంట్లో నాకు ఇంకో శ్రమ తిండి. హాలు ఇంకా తెరిచే ఉంది కదా, ఇటునుంచి ఆదిలక్ష్మి ఉప్మా తెచ్చి పెట్టేది. అది తిని చెయ్యి కడుక్కునేలోగా అటునుంచి సాయి సుధ పెసరట్టు తెచ్చేది. ఒకరిది తిని ఇంకొకరిది వద్దంటే అదో తగాదా. కాబట్టి రెండూ తిని, ఆయాసపడుతూ రాళ్ళు మోసేదాన్ని. అక్కాచెల్లెళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూడనట్టే తిరిగేవాళ్ళు. ఒకరు వస్తుంటే ఇంకొకరు వెళ్ళేవాళ్ళు.

కానీ పళ్ళెం తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆదిలక్ష్మి గొంతు తగ్గించి అడిగేది. "అటు ఇవాళ ఏం పెట్టారండీ?"

"పెసరట్టు."

"పిండి మిక్సీలో వేసిందా, రుబ్బిందా?"

"నాకేం తెలుసమ్మా. తిన్నానంతే."

"దానికి కుడి మణికట్టు నొప్పి. రుబ్బితే వాచిపోద్ది. చెబితే వినదు." అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. పని తొందరలో ఉన్నప్పుడు నాకు విసుగొచ్చేది. అంత ప్రేముంటే వెళ్ళి అడగొచ్చు కదా, నాలుగడుగుల దూరం, అనుకునేదాన్ని.

తొట్టి వచ్చింది. రాళ్ళన్నీ వరసలుగా జిగురు పెట్టి అతికించి, ఇద్దరు మనుషుల్ని పెట్టి లోపలికి దింపించాను. ఆ రోజు ఒళ్ళు నా స్వాధీనంలో లేదు. రైలు ఆలస్యం, ఎండ, రెండు టిఫిన్లు. ఇటు జరపండి, అటు జరపండి అంటూ వరసలు సర్దించి, జిగురు ముద్ద పెట్టి అడుక్కి అంటించేశాను. ఆ జిగురు ఒకసారి గట్టిపడిందంటే ఇక సుత్తే. సాయంత్రం అన్నదమ్ములు వేరువేరుగా వచ్చి, నిలబడి చూశారు. నిలబడితే రాతికొండ శిఖరాలే తప్ప అవతల ఏమీ కనబడదు. ఇద్దరూ బాగుందన్నారు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆదిలక్ష్మి తొట్టికి ఎదురుగా కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఒళ్ళో పళ్ళెం ఉంది గానీ చేతులు కదలడం లేదు. ఆవిడ చూసేవైపు వంగి చూశాను. ఎడమకి ఉండాల్సిన గుహ, కుడికి ఉండాల్సిన గుహ, రెండూ సరిగ్గా నడిమధ్యకి వచ్చి ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. నేనేం చేశానో అర్థమైంది. ఇన్ని క్రిస్మసుల చెయ్యి! నేను ఒకటి అనుకుంటే అది పశువుల పాక కట్టి కూర్చుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి సరిగ్గా ఆ గుహలోంచి అవతలి హాలు, అక్కడ టీవీ ముందు బట్టలు మడతపెడుతున్న సాయి సుధ, ఫోటోకి ఫ్రేము కట్టినట్టు కనబడుతోంది.

"మగాళ్ళు కూర్చుని చూడలేదు కాబట్టి బతికిపోయాను," అన్నాను. "ఇవాళే మూసేస్తానమ్మా."

ఆదిలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "మూయమాకండి సారమ్మగారూ. నేను మాట్లాడతానన్నానా? పిలుస్తానన్నానా? ఊరికే కూర్చుని చూసుకుంటా. చిన్నప్పుడు అమ్మ పొలానికి పోతే దానికి నీళ్ళు పోసి జడేసింది నేనండి. దాని చెయ్యి వాచిందో లేదో కనబడితే చాలు."

ఆ మాట విని, ఆ సందు అట్టే వదిలేద్దామనుకున్నాను. నీళ్ళకీ మంచిదే, నాకూ పని తప్పుతుంది. కానీ అరగంట తిరక్కుండా సాయి సుధ నన్ను తన వంటింట్లోకి పిలిచింది. ఆమె కుడిచేతికి గుడ్డ కట్టు ఉంది.

"మేడమ్, మధ్యలో ఆ కంత ఏంటి? అది కూర్చుని నన్నే చూస్తోంది. మూసేయండి."

"నీళ్ళు ఆడాలి కదమ్మా..."

"పక్కనించి ఆడతాయని మీరే చెప్పారుగా. మూసేయండి." కాసేపు గిన్నెలు సర్దింది. తర్వాత నా వైపు తిరక్కుండానే చెప్పింది. "మా అత్తగారి పదకొండో రోజున, వాటాల మాట వచ్చినప్పుడు, పదిమందిలో మా అక్క నన్ను అడిగింది. ‘పిల్లా జెల్లా లేనిదానివి, నీకెందుకే సగం హాలు?’ అని. మా బావగారు అంటే పడేదాన్ని. మా ఆయన అన్నా పడేదాన్ని. అది అంది మేడమ్."

నేనేమంటాను? దేవుని వాక్యం చెప్పి క్షమించమనడానికి నేను పాస్టరమ్మను కాను. చేతులకి జిగురు అంటుకున్న మనిషిని.

"రోజూ కనబడితే నాకు కోపం నిలవదు," అంది సాయి సుధ. "దాని మొహం చూస్తే పోద్ది. ఇంత మాట అని, ఊరికే కూర్చుని చూస్తే పోగొట్టుకోడానికా నా కోపం? ఇంకా ఉండాలి నాకు. మూసేయండి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా ఖర్మ కాకపోతే రాళ్ళు పేర్చడానికి వచ్చినదాన్ని అక్కాచెల్లెళ్ళ తీర్పు చెప్పాలా? ఆ పూటంతా ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. వరమ్మ మీద కూడా మండింది. గోడ వద్దని ఒట్టు వేయించుకునే బదులు, ఆ రోజు ఆ మాట ఎవరూ అనకుండా ఒట్టు వేయించుకోవాల్సింది. అయితే చిరాకు పడినా ఒకటి తెలుస్తూనే ఉంది. చూడాలని ఉండటం ఆదిలక్ష్మి కోరిక. కనబడకూడదనుకోవడం సాయి సుధ హక్కు. మాట పడ్డది ఆవిడ. ఆదిలక్ష్మి దగ్గరికి వెళ్ళి, మూస్తానమ్మా అని చెప్పాను. ఆవిడ ఎందుకని అడగలేదు. తల ఊపి చిక్కుడుకాయలు తీసుకుంది.

గుహకి సరిపడా రాయి ఒకటి ఏరి, ఆకురాయితో అంచులు రుద్దాను. మధ్యాహ్నం మగవాళ్ళు దుకాణాల్లో ఉన్న వేళ జిగురు ముద్ద అరచేతిలో పిసుకుతూ సాయి సుధ వైపు వేసిన స్టూలు దగ్గరికి వచ్చేసరికి ఆమె అప్పటికే దానిమీదికెక్కి నిలబడి ఉంది.

"నేను పెడతా," అంది.

రాయి ఇచ్చాను. అవతల కుర్చీలో ఆదిలక్ష్మి అలాగే కూర్చుని ఉంది. తొట్టిలో ఇంకా నీళ్ళు లేవు, గుహలోంచి ఆవిడ మొహం స్పష్టంగా కనబడుతోంది. సాయి సుధ చెయ్యి రాయితో సహా లోపలికి దిగింది. కట్టు కట్టిన మణికట్టు సరిగ్గా గుహకి ఎదురుగా వచ్చింది.

"ఎడం చేత్తో పట్టుకోవే," అంది ఆదిలక్ష్మి అటునుంచి. తొట్టి పైన అంతా ఖాళీయే కదా, మాట ఇవతల పక్కన నిలబడి అన్నట్టే వినబడింది. "కుడి చెయ్యి పెట్టమాక."

సాయి సుధ చెయ్యి ఆగింది. ఆ ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా మాట పుట్టి ఎన్నాళ్ళయిందో. రాయిని ఎడమచేతికి మార్చుకుంది. మార్చుకుని, గుహలో పెట్టింది. అవతలి మొహం పోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ నిలబడితే జిగురు గట్టిపడిపోతుంది కాబట్టి, "దిగమ్మా, అంటిస్తాను," అన్నాను.

"వద్దు."

"ఏంటమ్మా వద్దు? అంటించకపోతే ఎప్పుడో పడుద్ది. అద్దం పగిలితే ఇల్లంతా నీళ్ళే."

"పడకుండా కూర్చోబెట్టండి. అంటించమాకండి." స్టూలు మీదనుంచే, తొట్టి పైనుంచి అవతలికి పోయేంత గట్టిగా అంది. "నాకెప్పుడు తియ్యాలనిపిస్తే అప్పుడు నేనే తీసుకుంటా. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

అవతల చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

పిసికిన జిగురు ముద్దని చెత్తలో పారేశాను. రాయి బయటికి తీసి, గిన్నె మీద మూత కూర్చున్నట్టు కూర్చునేదాకా అడుగు రుద్దుతూనే ఉన్నాను. సాయంత్రం రైలు పోయింది, చివరి బస్సుకి వెళ్ళాను. ఇంట్లో మాస్టారు, "కొండ నిలబడిందా?" అంటే, "నిలబడింది గానీ నన్నేం అడగమాకండి," అని పడుకున్నాను. మంచి పని చేశానో, చెడ్డ పని చేశానో ఆ రోజు తెలియలేదు.

తర్వాత ఉప్పునీళ్ళు నింపాం. నీళ్ళు తేటపడ్డాక చేపలు వదిలాం, మెత్తటి పగడాలు నాలుగు అంటించాం. నా పని అయిపోయింది. అన్నదమ్ములిద్దరూ ఎవరికి వారు, తమ వైపే ముందువైపని చుట్టాలకి చూపించుకుంటున్నారని విన్నాను. నేను బాపట్లలో ఇంకో తొట్టిలో పడ్డాను.

డిసెంబరు వచ్చింది. చర్చిలో అట్టముక్కల కొండ సగం లేపి, గుహ నడుమ పెట్టాలా, ఈసారైనా పక్కకి జరపాలా అని ఆలోచిస్తూ నడుం పట్టుకుని నిలబడ్డాను. ఫోను మోగింది. ఆదిలక్ష్మి.

"సారమ్మగారూ, ఆ గుహలో రాయి... బరువెంత ఉంటదండీ?"

నాకు కోపం వచ్చింది. "దాన్ని మీరు ముట్టుకోమాకండి. ఆ అమ్మాయి చెప్పింది కదా."

"అయ్యో, నేనెందుకు ముట్టుకుంటానండీ. నిన్న మధ్యాహ్నం అటు స్టూలు లాగిన చప్పుడయింది. నేను కుర్చీలోనే ఉన్నా. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ స్టూలు పక్కకి లాగేసింది. దాని చెయ్యి ఇంకా తగ్గలేదు. రాయి బరువై తియ్యలేకపోయిందేమోనని... మీరు వచ్చి కొంచెం తేలికైంది పెడితే..."

చేతిలోని అట్టముక్క కింద పెట్టాను. "అది అసలే తేలిక రాయమ్మా. నీళ్ళలో బరువే ఉండదు. ఎడం చేత్తో రెండు వేళ్ళతో తీసినా వచ్చేస్తది."

ఫోను కట్టయిందేమోనని చూసుకున్నాను. కాలేదు.

"అట్టాగా అండీ," అంది ఆదిలక్ష్మి చివరికి. "అయితే చెయ్యి నొప్పి వల్ల కాదన్నమాట."

ఫోన్లో ఆవిడ కుర్చీ జరుపుకున్న చప్పుడు వినబడింది.

"పోనీలెండి. స్టూలు దాకా వచ్చింది."